రోజుకో అంగుళం

ఏప్రిల్ 2, గురువారం

బోర్డు నిలబెట్టేశాను. ఒక్కణ్ణే.

పొద్దున ఆరున్నరకల్లా కుంట దగ్గరున్నాను. ఏడడుగుల ఇనప పైపు, సమ్మెట, ఎక్కి నిలబడడానికి ఒక ఖాళీ డ్రమ్ము. నీళ్లలో డ్రమ్ము బోర్లించి దాని మీద నిలబడి కొడుతుంటే రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు. మొదట్లో పైపు మొండికేసింది. దెబ్బకు వేలెడైనా దిగలేదు. చివరి రెండు దెబ్బలకు మాత్రం మాగిన పండులో వేలు దిగినట్టు సర్రున దిగిపోయింది.

ఈ కుడి భుజం ఇక బరువు పనులకు పనికిరాదన్న డాక్టరును ఒకసారి పిలుచుకొచ్చి చూపించాలి. ముప్ఫై ఏళ్లు ప్లంబరుగా బతికినవాణ్ణి, ఏడాదిగా కుర్చీలో కూర్చోబెట్టాడు.

టీచరమ్మ బోర్డు గేటు పక్కన పెట్టమంది. గేటు పక్కన పెడితే ఎవడు చూస్తాడు? నీళ్ల మధ్యలో ఉంటే బస్సులో పోయేవాళ్లకు కూడా కనిపిస్తుంది. పైన ‘ఈ కుంట కప్పలది, పిట్టలది, తూనీగలది’ అని ఉంది. కింద మేం నలుగురం కాపలాదార్లమని మా పేర్లు. నా పేరు మొదట. అది నేను అడిగి రాయించింది కాదు, వయసు ప్రకారం రాశారు. టీచరమ్మ నాకన్నా రెండేళ్లు పెద్దదే కానీ ఆడవాళ్ల వయసు అడగడం మర్యాద కాదు.

ఏప్రిల్ 3

భుజం లేవడం లేదు. ఇంట్లో చెప్పలేదు.

ఏప్రిల్ 5, ఆదివారం

పని రోజు. నలుగురం వచ్చాం. బోర్డు చూసి మందుల షాపావిడ చప్పట్లు కొట్టింది. ఆవిడకు బోర్డుకన్నా దాని మీద వాలిన లకుముకి పిట్ట ముఖ్యం. మా కుంటకు లకుముకి రావడం ఇదే మొదటిసారి. ఫోటో తీసి తన నోటుబుక్కులో తారీఖుతో సహా రాసుకుంది. తూనీగ రెక్క విప్పినా రాసుకునే మనిషి. ఏడేళ్లలో పదకొండు నోటుబుక్కులు నింపింది.

టీచరమ్మ బోర్డును కాసేపు చూసి, "లోతుగా దించారా?" అని అడిగింది. గాలికి పడిపోకూడదు కదా అన్నాను.

నా బావమరిది ఒడ్డున మెట్టు కట్టడానికి బండరాళ్లు తెచ్చాడు. బస్సు నడిపే మనిషి, వారానికి ఒక్కరోజు సెలవు. ఆ ఒక్కరోజూ ఇక్కడే. రాళ్లున్న ఇనప తోపుడు బండిని ఒడ్డు మీంచి నీళ్లదాకా దించాడు. చక్రం ఒకచోట దిగబడింది. అందరం పట్టి లాగాం.

ఇది ఒకప్పుడు ఊరి చెత్తంతా పోసిన గుంట. లారీల కొద్దీ చెత్త తీసి, అడుగున ఇసుక తేలితే, దాని మీద అడుగు మందాన బంకమట్టి పరిచి, కాళ్లతో తొక్కి, నీళ్లు నిలబెట్టాం. ఇప్పుడు ఒడ్డునంతా నల్లటి ఆవాలు చల్లినట్టు తోకకప్పలు. చూస్తే ఛాతీ పొంగుతుంది. పొంగితే తప్పేముంది?

కుంట కొలబద్ద మీద నీటిమట్టం 37 అంగుళాలు. గురువారం 40 ఉన్నట్టు గుర్తు. సరిగా చూశానో లేదో.

ఏప్రిల్ 7

మున్సిపల్ ఆఫీసు నుంచి ఉత్తరం. మే 20న ఇంజినీరు వస్తాడట. వేసవిలో నీళ్లు నిలవని పక్షంలో ఈ స్థలాన్ని డిపోకు బస్సులు ఆపుకోవడానికి ఇస్తారట. రానీ. ఏడేళ్లలో ఈ కుంట ఎన్నడూ ఎండలేదు.

35.

ఏప్రిల్ 9

33. ఎండలు ముదిరాయి. ఆవిరైపోతున్నాయి.

మందుల షాపావిడ ఒక బకెట్టు నిండా కుంట నీళ్లు నింపి, గీత గీసి, ఒడ్డునే పెట్టింది. బకెట్టులో ఎంత తగ్గితే అది ఎండ తాగిన లెక్కట. మిగిలింది భూమి తాగినట్టు. తెలివైన మనిషి. అవసరం లేని తెలివి.

ఏప్రిల్ 12, ఆదివారం

బకెట్టులో మూడు రోజులకు అర అంగుళం తగ్గింది. కుంటలో మూడు అంగుళాలు.

కారుతోంది.

ముగ్గురూ నా మొహం చూశారు. చూడరా మరి, ఇతరుల ఇళ్లలో కారే నీళ్లు పట్టడమే కదా నా బతుకు. గోడ మీద చెవి పెట్టి, లోపల ఎక్కడ కారుతోందో చెప్పినవాణ్ణి. గంటసేపు ఒడ్డు చుట్టూ తిరిగాను. అన్నిచోట్లా చూశాను. బోర్డు దగ్గర కూడా చూశాను, ఏమీ లేదు.

తోపుడు బండి చక్రం దిగిన చోట మట్టిలో జానెడు బీట కనిపించింది. టీచరమ్మే చూపించింది. మా బావమరిది అక్కడ చాలాసేపు గొంతుక్కూర్చున్నాడు. తర్వాత లేచి, "నా వల్లే అయ్యుంటుంది" అన్నాడు.

నేనే వెళ్లి వాడి వీపు మీద చెయ్యి వేసి, "పోనీలేరా, తెలియక చేశావు" అన్నాను. మందుల షాపావిడ నన్ను మెచ్చుకోలుగా చూసింది. పెద్దవాడన్నాక ఆమాత్రం మనసు ఉండాలి.

ఏప్రిల్ 13

29. బోర్డు దగ్గర మళ్లీ చూశాను. ఏమీ లేదు.

ఏప్రిల్ 15

బావమరిది పొద్దున షిఫ్టు దిగి యూనిఫాంతోనే కుంటకు వచ్చాడట. ఇటుకల బట్టీ నుంచి రెండు బస్తాల బంకమట్టి భుజాన మోసుకొచ్చి, ఆ బీట తవ్వి, నింపి, తొక్కాడు. మూడు గంటల పని. టీచరమ్మ ఫోను చేసి చెప్పింది. పాపం అంది. అవును పాపం అన్నాను.

ఏప్రిల్ 16

26.

ఏప్రిల్ 17

25. మట్టి పట్టుకోవడానికి టైము పడుతుంది.

ఏప్రిల్ 19, ఆదివారం

23. లోతు లేని ఒడ్డున నీళ్లు వెనక్కి జరిగాయి. అక్కడ చిక్కుకున్న తోకకప్పలను చిన్న గరిటెతో ఎత్తి లోతులో వేశాం. నాలుగు గంటలు. టీచరమ్మ మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్కదాన్నీ నంబరు వేసినట్టు ఎత్తింది. డెబ్భైకి దగ్గర పడుతున్న మనిషి. పైకి లేవడానికి నా చెయ్యి పట్టుకుని, "ఏదైనా ఒకటి మిగిలిందేమో చూడండి" అంది. కళ్లజోడు నిండా బురద. ఇలాంటివాళ్లతో కలిసి పనిచేస్తున్నందుకు గర్వంగా ఉంది. ఇది నిజం. ఇందులో కల్తీ లేదు.

బావమరిది రాలేదు. సెలవు దొరకలేదని కబురు పంపాడు. వాడికి ఆదివారం ఎప్పుడూ సెలవే.

ఏప్రిల్ 21

21 అంగుళాలు. వాడి ఇంటికి వెళ్లాను. గేటు దగ్గరే మాట్లాడాడు. కుంట కాపలా వంతుల పట్టికలోంచి తన పేరు కొట్టేయమన్నాడు. బోర్డు మీంచి కూడా తీసేయమన్నాడు. "ఆ పేరు చూసినప్పుడల్లా సిగ్గేస్తోంది బావా. బస్సు అటే పోతుంది రోజుకు ఎనిమిదిసార్లు."

చెప్పేద్దామనుకున్నాను.

ఏం చెప్పాలి? చెప్పడానికి ఏముంది?

ఏప్రిల్ 22

మా ఆవిడ పంటి డాక్టరు దగ్గర నర్సు. నోరు తెరవని వాళ్ల చేత నోరు తెరిపించడం ఆవిడకు వృత్తి. సాయంత్రం బట్టలు మడతపెడుతూ, తన తమ్ముడు నిద్రపోవడం లేదట, మరదలు చెప్పిందట అంది. నేను పేపరు చదువుతున్నాను. కాసేపాగి, "ఆ బోర్డు పెట్టిన రోజు మీరొక్కరే వెళ్లారు కదా?" అంది.

"అయితే?"

"ఏం లేదు. భుజం ఎందుకు తడుముకుంటున్నారు?"

"నొప్పి."

"గుమ్మడికాయల దొంగకు కూడా నొప్పే అయ్యుంటుంది" అని మడతపెట్టిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 23

19.

ఏప్రిల్ 24

ఈ పుస్తకంలో కూడా అబద్ధం రాశాను. ఎవరు చదువుతారని?

బోర్డు దగ్గర నేను చూడలేదు. ఒక్కసారీ చూడలేదు. దాని చుట్టూ తిరిగాను తప్ప దగ్గరకు పోలేదు. ఇవాళ పొద్దున వెళ్లాను. నీళ్లు మోకాళ్ల కిందికి దిగాయి. గుప్పెడు పొడి రంపపు పొట్టు తీసుకెళ్లి పైపు చుట్టూ చల్లాను. ఇంట్లో తొట్టి కారితే నేను చేసే పనే అది. పొట్టు కాసేపు తేలింది. తర్వాత మెల్లగా పైపు వైపు జరిగింది, దాని చుట్టూ ఒకసారి తిరిగింది, ఒక్కొక్కటే కిందికి పోయింది.

ఆ చివరి రెండు దెబ్బలు. ఇసుకలోకి పోయిన దెబ్బలవి. ఏ ప్లంబరుకైనా తెలుస్తుంది. నాకు ఆ క్షణమే తెలిసింది. డ్రమ్ము మీద ఉండగానే, సమ్మెట చేతిలో ఉండగానే తెలిసింది. రోడ్డు మీద జనం చూస్తున్నారు. దిగి వచ్చేశాను.

ఏప్రిల్ 25

ఏమీ తినబుద్ధి కాలేదు. రేపు ఆదివారం.

ఏప్రిల్ 26, ఆదివారం

16.

పొద్దున బావమరిది ఇంటికి వెళ్లి, ఇవాళ ఒక్కరోజు రమ్మన్నాను. రానన్నాడు. "మీ అక్క కూడా వస్తోంది" అన్నాను. అక్క పేరు చెబితే చెప్పులు వేసుకున్నాడు. వాడిది చిన్నప్పటి నుంచీ అదే తీరు.

అందరూ ఒడ్డున కూర్చున్నాక నేను నిలబడ్డాను. ఒక ప్రసంగం తయారుచేసుకున్నాను. ఎండ గురించి, మట్టి గురించి, మనుషుల వల్ల జరిగే పొరపాట్ల గురించి. నోరు తెరిస్తే అందులో ఒక్క ముక్కా రాలేదు.

"బండి వల్ల కాదు. ఆ పైపు వల్ల. అడుగున మట్టి దాటి ఇసుకలోకి దించాను. దించినప్పుడే నాకు తెలుసు."

టీచరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. మందుల షాపావిడ నోటుబుక్కు మూసేసింది. మా ఆవిడ నన్ను కాదు, తమ్ముణ్ణి చూస్తోంది.

వాడు అరుస్తాడనుకున్నాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "ఇరవై నాలుగు రోజులు" అన్నాడు. "నా వీపు మీద చెయ్యి కూడా వేశావు కదా బావా."



టీచరమ్మే మాట అందుకుంది. నేను నీళ్లలో నిలబెట్టానని తెలిసిన రోజే తనకు అనుమానం వచ్చిందట. ముప్ఫై ఏళ్లు పైపులతో బతికిన మనిషికి చెప్పడమేంటని ఊరుకుందట. తప్పులో తనకూ పాలుందట. ఆ మాట నా మీద జాలితో అన్నదో, నిజంగానే అన్నదో తెలియదు. తర్వాత, "సరే ప్లంబరు గారూ, ఇది మూయడం ఎలా?" అంది.

ఎలాగో నాకు తెలుసు. ఈ మూడు వారాలూ దాని గురించే ఆలోచించాను కదా, ఆలోచించనట్టు నటిస్తూ. పైపు చుట్టూ ఇసుక బస్తాలతో గట్టు కట్టాలి. లోపలి నీళ్లు తోడేయాలి. పైపు పీకి, ఆ చుట్టుపక్కల నానిన మట్టి ఇసుకదాకా తీసేసి, కొత్త బంకమట్టి వేసి తొక్కాలి. పనిముట్లతో కుదరదు. కాళ్లతోనే. కింద గాలి మిగిలితే మళ్లీ అదే కథ.

బావమరిది లేచి గేటు వైపు నడిచాడు. వెళ్లిపోతున్నాడనుకున్నాను. బట్టీకి వెళ్లి మట్టి మాట్లాడి వచ్చాడు.

ఏప్రిల్ 29

బస్తాల గట్టు పూర్తయింది. లోపల చిక్కుకున్న తోకకప్పలను మందుల షాపావిడ జల్లెడతో దేవి బయటికి వదిలింది. రెండు వందల పద్నాలుగు అని రాసుకుంది. కొన్నిటికి వెనక కాళ్లు వచ్చేశాయి.

మే 1

పైపు పీకాం. గొలుసు కట్టి ముగ్గురం లాగితే వచ్చింది. బోర్డు విప్పి గేటు పక్కన ఆనించాను. వెనక్కి తిప్పి.

ఆ రంధ్రం పిడికిలంత కూడా లేదు. ఇంతా చేసింది అదే.

మధ్యాహ్నం నుంచి తొక్కాం. ఒక పొర మట్టి వేయడం, నలుగురం గుండ్రంగా తిరుగుతూ తొక్కడం, మళ్లీ ఒక పొర. టీచరమ్మను వద్దంటే వినలేదు, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని దిగింది. మా ఆవిడ డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. మందుల షాపావిడ మడమలతో తొక్కితే గట్టిపడుతుందని కనిపెట్టింది. ఆ గట్టులో చోటు తక్కువ. బావమరిది భుజం నా భుజానికి తగులుతోంది. ఒకసారి నాకు కాలు జారింది. మోచెయ్యి పట్టుకుని నిలబెట్టి, వెంటనే వదిలేశాడు.

అయిదు గంటలు తొక్కాం. చివరికి మడమ దిగబడకుండా, రొట్టెలపిండి ముద్దలా బిగిసింది. చెవి పెట్టి వినాలనిపించింది. విన్నాను కూడా. ఎవరూ నవ్వలేదు.

మే 2

మూడు బకెట్ల నీళ్లు గట్టు లోపల పోసి గీత గీశాను.

మే 3, ఆదివారం

గీత దగ్గరే ఉంది. వెంట్రుకవాసి తగ్గింది, అది ఎండ వాటా.

గట్టు తీసేశాం.

మే 4

కుళాయి నీళ్లు నేరుగా పోస్తే అందులో కలిపే మందుకు తోకకప్పలు చస్తాయి. రెండు రోజులు తెరిచి ఉంచితే మందు విరిగిపోతుంది. పాత పరిచయాలన్నీ కదిలించి పన్నెండు డ్రమ్ములు తెచ్చాను. పక్క లాండ్రీ గోడ నుంచి పైపు వేశాను. బిగింపులన్నీ ఎడమ చేత్తో. ఆరు నింపడం, ఆరు ఒంపడం. నా పని నాకు తెలుసు. ఈ మాట ఎవరితోనూ అనలేదు, ఇక్కడ రాసుకుంటున్నాను.

మే 8

19.

మే 11

పొద్దున గంట సేపు వాన. లాండ్రీ రేకుల మీంచి పడే నీళ్లు కూడా ఇటు తిప్పాను. 23.

బావమరిది డ్రమ్ము ఒంపడానికి వచ్చాడు. "బరువు నువ్వు ఎత్తకు" అన్నాడు. ఏప్రిల్ 26 తర్వాత నాతో అన్న మొదటి మాట. మా ఆవిడకు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. గొంతు ఎలా ఉందని అడిగింది. మామూలుగానే ఉందన్నాను. "మామూలుగా ఉంటే చాలు, అంతకన్నా తొందరపడకండి" అంది.

మే 17, ఆదివారం

28. బకెట్టు పరీక్ష మళ్లీ చేసింది మందుల షాపావిడ. ఒక రోజంతా డ్రమ్ములు ఆపాం. బకెట్టూ కుంటా సమానంగా తగ్గాయి. ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి, కింద రెండు గీతలు గీసి నాకు చూపించింది.

మే 20

ఇంజినీరు చిన్నవాడే, ఓపికగలవాడు. కొలబద్ద చూశాడు, నోటుబుక్కులు చూశాడు. ఏప్రిల్ నెల అంకెల దగ్గర ఆగి, ఇక్కడేం జరిగిందని అడిగాడు. టీచరమ్మ ఏదో చెప్పబోయింది. ఎండలని అనుంటే సరిపోయేది. నేనే ముందుకు వెళ్లి, అడుగు చీల్చింది నేనేనని, ఎలా మూశామో అంతా చెప్పాను. మట్టి పొరలు ఎన్ని వేశారని, ఎన్ని గంటలు తొక్కారని అడిగి రాసుకున్నాడు. కాంట్రాక్టరు చేసి ఉంటే మే నెలలో ఇలా నిలిచేది కాదన్నాడు.

మరో అయిదేళ్లు మాకే. కాగితం మీద సంతకం పెట్టాడు. మందుల షాపావిడ ఏడ్చింది. టీచరమ్మ చేతిసంచిలోంచి పెన్ను తీసి, మా వంతుల పట్టికలో మా బావమరిది పేరు మళ్లీ రాసింది. వాడు వద్దనలేదు.

మే 24, ఆదివారం

బోర్డు ఏం చేద్దామన్నారు. గేటు పక్కనే, పేర్లు లేకుండా అన్నాను. టీచరమ్మ పేర్లు ఉండాల్సిందే అంది, వయసు ప్రకారం. అంటే తన పేరు మొదట. ఆవిడ వయసు అడగకుండానే చెప్పింది. ఇన్నాళ్లకు నవ్వాను.

మే 29, శుక్రవారం

రాత్రి కురిసిన వాన పొద్దున్నకి తెరిపిచ్చింది. ఏడు గంటలకు మందుల షాపావిడ ఫోను. "బయలుదేరాయి. రోడ్డు దాటుతున్నాయి. తొందరగా రండి."

చొక్కా తిరగేసి తొడుక్కుని పరుగెత్తాను. తడి రోడ్డంతా కదులుతోంది. బొటనవేలి గోరంత కప్పలు, వందల కొద్దీ. తోకలు లేవు. కుంటలోంచి ఒడ్డెక్కి, గేటు కింద నుంచి దూరి, అవతలి తోటల్లోకి పోతున్నాయి. టీచరమ్మ ఒక చివర గొడుగు అడ్డం పెట్టి ఒక స్కూటరువాణ్ణి ఆపింది. ఇంకో చివర ఎవరూ లేరు. నేను అటు పరుగెత్తేసరికి మలుపులో బస్సు.

నా గుండె ఆగింది. బస్సు కూడా ఆగింది.

బావమరిది బస్సు అది. ఇంజను కట్టేశాడు. తలుపు తీసుకుని దిగి, బస్సుకు ముందు రోడ్డు మధ్యలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కిటికీల్లోంచి ఒక్కొక్క తలే బయటికొచ్చింది. ఆఫీసు బ్యాగు వాడొకడు దిగొచ్చి, ఏంటిదని గట్టిగా అడిగాడు. టైమవుతోందన్నాడు. కంప్లయింటు రాస్తానన్నాడు.

"రాసుకోండి. అవి దాటేదాకా బండి కదలదు" అన్నాడు మా బావమరిది, నిదానంగా. తర్వాత నా వైపు చెయ్యి చూపించాడు. "వివరాలు కావాలంటే ఆయన్నడగండి. మా బావ. ఈ కుంట సంగతి ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు.

జనం దిగారు. ఒకావిడ తన చెప్పు పక్కనున్న కప్పను చూసి, కాలు కదపకుండా అలాగే నిలబడిపోయింది. బ్యాగు వాడు కూడా వంగి చూశాడు. ఇవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయని అడిగాడు, ఈసారి మామూలు గొంతుతో. చెప్పడం మొదలుపెట్టాను. చెత్తగుంట, బంకమట్టి, కాళ్లతో తొక్కడం, చీర ఎత్తి దోపుకుని బురదలోకి దిగిన టీచరమ్మ, పదకొండు నోటుబుక్కులు. చేయని తప్పును నెత్తిన వేసుకుని, డ్యూటీ దిగి రెండు బస్తాల మట్టి మోసిన మనిషి ఒకడున్నాడని కూడా చెప్పాను. అతనెవరని అడిగారు.

"మీ డ్రైవరే" అన్నాను.

పదిహేను నిమిషాలు ఆగింది బస్సు. మేం చివరి కప్పను చేతుల్లో తీసుకుని దాటించాక, వాడు ఎక్కి కూర్చుని, అద్దంలోంచి నా వైపు చూసి, తల ఊపి, బండి తీశాడు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. బస్సులో సగం మంది ఇంకా వెనక్కి తిరిగి కుంటనే చూస్తున్నారు.